పునాది పేరుతో బట్టీ

ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో అడుగుపెట్టిన పిల్లలకు మన శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో తొలి ప్రోగ్రామింగ్ పాఠం మళ్లీ సి భాషే. ఆర్19, ఆర్20, ఆర్23 అంటూ రెగ్యులేషన్లు, అంటే యూనివర్సిటీ సిలబస్ నిబంధనలు, మారాయి కానీ ఇది మారలేదు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: పునాది.

ఏం పునాది? టెక్కలి నుంచో చీపురుపల్లి నుంచో ఎంపీసీ చదివి వచ్చిన పిల్లల్లో చాలామందికి కీబోర్డే కొత్త. రెండు సంఖ్యలు తీసుకుని కూడాలంటే వాళ్లు ముందు హెడర్ ఫైలు, మెయిన్, డేటా టైపు అంటూ సి అడిగే తప్పనిసరి లాంఛనాలు దాటి రావాలి. సంఖ్యను తీసుకునే స్కాన్ఎఫ్‌లో ఆ యాంపర్సాండ్ (&) గుర్తు ఎందుకని అడిగితే, 'పాయింటర్లు (మెమరీ చిరునామాలు) వచ్చినప్పుడు తెలుస్తుంది, ఇప్పటికి రాసేయండి' అంటారు. అర్థం కాకపోయినా రాసేయడం మొదటి వారంలోనే అలవాటు చేస్తున్నాం. పైథాన్ అనే మరో భాషలో ఇదే పని మూడు లైన్లు. మిగిలిన క్లాసంతా సమస్యను ఎలా విడగొట్టాలో, ఏది ముందు ఏది తర్వాతో ఆలోచించడానికి మిగులుతుంది.

మెమరీ సంగతులు సి చెప్పినంతగా పైథాన్ చెప్పదనే వాదన ఉంది. నిజమే. రెండో సెమిస్టర్‌లో చెప్పండి.

అసలు మెమరీ మీద అంత పట్టింపే ఉంటే సి ప్రోగ్రాములు నడిపే 1980ల నాటి సాఫ్ట్‌వేర్ టర్బో సి నీలి తెర ఇంకా కొన్ని ల్యాబుల్లో ఎందుకుంది? అందులో ఇంట్ (పూర్ణాంకం) అంటే మెమరీలో రెండు బైట్లు, 32,767 దాటితే లెక్క తప్పుతుంది. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే నేటి కంపైలర్లలో సాధారణంగా నాలుగు బైట్లు. పిల్లలు శ్రద్ధగా రాసే కోనియో.హెచ్ హెడర్ ఫైలు, తెర తుడిచే క్లియర్ స్క్రీన్ ఆదేశం సి భాష అధికారిక ప్రమాణంలోనే లేవు. ఇదా పునాది? రికార్డులో సీనియర్ల ప్రోగ్రాములు ఎక్కించడం, పరీక్షలో ఫ్యాక్టోరియల్, ఫిబొనాచి, ప్రైమ్ నంబర్ కాగితం మీద అప్పజెప్పడం, ఇదా పునాది?

సీబీఎస్ఈ పదకొండు, పన్నెండు తరగతుల్లో సి ప్లస్ ప్లస్‌ను తీసేసి పైథాన్ పెట్టి ఏళ్లయింది. అది చదివిన పిల్లల పక్కనే మన పిల్లలూ కూర్చుంటున్నారు. సెమిస్టర్ చివర సబ్జెక్టు మిగిలిపోతే 'లాజిక్ లేదు' అన్న మాట పడేది వీళ్లకే. లాజిక్ నేర్పకుండా సింటాక్స్ (భాష రాత నియమాలు) బట్టీ పట్టించినవాళ్లకు ఆ మాట అనే హక్కు లేదు.

పైథాన్ తెచ్చి దాన్నీ రికార్డులో ఎక్కించమంటే ఒరిగేదేమీ లేదు. మొదటి సెమిస్టర్ పరీక్ష కంప్యూటర్ ముందే జరగాలి, అప్పటిదాకా చూడని సమస్య ఇవ్వాలి. సిలబస్ కమిటీల్లో కూర్చునే పెద్దలు ఒక్క పూట మొదటి ఏడాది ల్యాబుకు వెళ్లి, ఆ పిల్లల వెనక నిలబడి చూసి రండి. తర్వాత పునాది గురించి మాట్లాడండి.