షెఫీల్డ్ పాటకు ఉక్కు ఒక్కటే ఊపిరి కాదు

ఇంగ్లండ్‌లోని ఉక్కు నగరం షెఫీల్డ్ గురించి నేను చదివిన ఒక వ్యాసంలో, అక్కడి సంగీతమంతా ఉక్కు కర్మాగారాల చప్పుళ్ల నుంచే పుట్టిందన్న వ్యాసకర్త మాట 1970లనాటి క్యాబరే వోల్టేర్ వంటి ఎలక్ట్రానిక్ బృందాలకు కొంత సరిపోవచ్చు గానీ, ఆ ఊరి పాటల రచనకు అసలు బలం అక్కడి వీధుల పేర్లూ, యాసా అని నాకు తోస్తుంది. కోల్ బ్రదర్స్ అనే పెద్ద దుకాణం 1963లోనే వేరే చోటికి తరలిపోయినా, ప్రేమికులు ఒకరికోసం ఒకరు ఎదురుచూసిన ఆ మలుపు జనం నోట కోల్స్ కార్నర్‌గానే మిగిలింది. ఆ ఊరి గాయకుడు రిచర్డ్ హాలీ 2005లో తన ఆల్బమ్‌కు ఆ పేరే పెట్టుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన, అక్కడి రాక్ బృందం ఆర్కిటిక్ మంకీస్ తొలి ఆల్బమ్‌లో, మూతి ముడుచుకున్న అమ్మాయిని గాయకుడు అలెక్స్ టర్నర్ అచ్చంగా ఆ ప్రాంతపు మాటతో ‘మార్డీ’ అన్నారు (అర్థం వెతుక్కోవడం లండన్ శ్రోతల వంతు). అదే ఊరి పల్ప్ బృందపు గాయకుడు జార్విస్ కాకర్ ప్రస్తావన వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేకపోవడం మాత్రం పెద్ద లోటే.