మెదక్ చర్చికి క్రిస్మస్ రోజే వెళ్లాలా?

మెదక్ చర్చిని చూడాలంటే క్రిస్మస్‌కే వెళ్లాలని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఆ రోజు జనసముద్రంలో ముందువాళ్ల తలలు తప్ప ఏమీ కనబడవు. మేం రెండేళ్ల క్రితం మామూలు ఆదివారం వెళ్లాం. లోపల ఆరాధన నడుస్తోంది, గుమ్మం దగ్గరే ఆపేశారు. మా తమ్ముడు "ఇంత దూరం వచ్చాం కదండీ" అని సణిగాడు. అక్కడున్న పెద్దాయన "ఇది మా గుడి బాబూ, ప్రార్థన అయ్యాక తీరిగ్గా చూడండి" అన్నారు. నిజమే కదా! చెట్టు కింద కూర్చుని పులిహోర తిన్నాం. లోపలి నుంచి తెలుగు కీర్తనలు వినిపిస్తూనే ఉన్నాయి.

తర్వాత లోపలికి వెళితే, రంగు అద్దాల కిటికీల మీద ఎండ పడుతోంది. వాటి మీద క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం (పరలోకానికి వెళ్లడం) బొమ్మలు. ఇవి పగటి వెలుతురులో లోపలి నుంచి చూస్తేనే అందం. చీకటి పడ్డాక వెళితే నల్లటి అద్దాలే. మీ వ్యాసంలో ఈ ముక్క లేదు, అందుకే చెబుతున్నా.

ఇంకోటి. కరువు రోజుల్లో బ్రిటిష్ మిషనరీ పోస్నెట్ దొర పని కల్పించి కూలీలకు తిండి పెట్టించి కట్టించారని మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఈ చర్చికి అసలు కథ అదే. 175 అడుగుల గోపురం ఎత్తు కంటే ఆ కూలీల గురించే నాలుగు వాక్యాలు ఎక్కువ రాయాల్సింది.

వెళ్లేవాళ్లు చెప్పులు బయటే వదలండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. ఫొటోలు తీసే ముందు అడగండి.