కోరి తెచ్చుకున్న కరువు

కరువంటే ఏమిటో అనంతపురం వాళ్ళకు ఒకరు చెప్పనవసరం లేదు. అయితే కరువును చేతి డబ్బు పెట్టి కొనుక్కునే మనుషులు కూడా లోకంలో ఉన్నారన్న సంగతి మనలో చాలామంది చెవిన ఇంకా పడలేదు. పాతకాలపు కంప్యూటర్లలోనూ వీడియో గేమ్ పెట్టెల్లోనూ ఉండే బుల్లి శబ్దపు చిప్‌ల చేత పాటలు పాడించే చిప్ సంగీతకారులే ఆ మనుషులు. జేబులోని ఫోను సైతం వంద వాయిద్యాల బృందాన్ని వినిపించగలిగిన ఈ రోజుల్లో వీరు ఏరికోరి మూడు స్వరాలకు మించి పలకలేని యంత్రాన్ని ఎక్కడెక్కడో వెతికి తెచ్చుకుని, దాని ముందు రాత్రుళ్ళు జాగారం చేస్తారు. ఎందుకు చేస్తారన్నది తేల్చవలసిన విషయమే. ఏ పని చూసినా ముందు "దీనివల్ల ఏమొస్తాది?" అని అడిగే సంప్రదాయంలో పెరిగినవాణ్ణి కనుక ఈ విచారణ బాధ్యతను నేను స్వీకరించాను. ఎవరూ అప్పగించలేదు.

ముందుగా రికార్డుకు ఎక్కించవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. 1982లో అమెరికాలో వచ్చిన కమొడోర్ 64 కంప్యూటర్‌లో బాబ్ యానెస్ అనే ఇంజినీరు రూపొందించిన సిడ్ అనే చిప్ ఉండేది; అది ఒకేసారి మూడు స్వరాలు పలికేది, నాలుగోది అడిగితే మొండికేసేది. మరుసటి ఏడు జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్ అనే ఆటల పెట్టెలో రెండు చతురస్రపు తరంగాలు, ఒక త్రిభుజపు తరంగం, ఒక గరగర, వీటికి తోడు ముందే రికార్డు చేసిన చిన్న చిన్న ముక్కలను ఎలాగోలా వినిపించే మరో దారి ఉండేవి. 1989 నాటి గేమ్ బాయ్‌కు నాలుగు గొంతులు. బ్రిటన్‌లో ఇంటింటా అమ్ముడైన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ తొలి మోడళ్ళలోనైతే శబ్దపు చిప్ అన్నదే లేదు. లోపల ఒక చిన్న స్పీకరు, దానికి కరెంటు ఇవ్వడమా, మానడమా అన్న రెండే మార్గాలు. దాని మీద కూడా కొందరు ఒకేసారి రెండు మూడు స్వరాలు వినిపించే పాటలు కట్టారంటే, మనిషి మొండితనానికి హద్దు లేదనే అనుకోవాలి.

ధనాశ అనుకుందామంటే సాక్ష్యం చాలదు. ఆ కాలంలో రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే వంటివారు ఆటల కంపెనీల కోసం పాటలు కట్టి పారితోషికం తీసుకున్నారు కనుక వారి మీద కేసు నిలవదు. ఇప్పటివారిలో అత్యధికులు మాత్రం కట్టిన పాటను ఉచితంగా నలుగురికీ పంచిపెట్టి, పొద్దున్నే వేరే ఉద్యోగానికి పోతున్నారు.

చిన్ననాటి జ్ఞాపకాలే కారణమన్న వాదన ఒకటుంది. 1990ల్లో మన బజార్లలోనూ ఫ్యామికామ్‌కు నకలు పెట్టెలు దొరికేవి. లక్ష ఆటలున్నాయని రాసిన క్యాసెట్‌లో పది ఆటలే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ ప్రత్యక్షమయ్యేవి. 1985లో కోజి కోండో సూపర్ మారియో కోసం కట్టిన బాణీని, ఆయన పేరైనా తెలియకుండానే, మన వీధుల్లో పిల్లలు నోటితో వాయించేవారు. ఆ ఆట మొత్తం, పాటలతో సహా, 40 కిలోబైట్లలో ఇమిడింది. ఇవాళ వాట్సాప్‌లో పెదనాన్న పంపే శుభోదయం బొమ్మ ఒక్కటే అంతకంటే బరువుంటుంది. అయినా ఈ వాదన చెల్లదు. ఆ యంత్రాలు దుకాణాల్లోంచి మాయమైన తరువాత పుట్టినవారు సైతం ఈ సంగీతం కడుతున్నారు. తాము పుట్టకముందు కాలం మీద బెంగ పెట్టుకునే హక్కు రాజకీయ నాయకులకు తప్ప ఇతరులకు ఉన్నట్టు నేను వినలేదు.

కీర్తికాంక్ష విషయంలో మాత్రం కొంత ఆధారం దొరికింది. 1980ల్లో యూరప్‌లో కొందరు కుర్రాళ్ళు ఆటలకు నకలు తీయకుండా కంపెనీలు వేసిన తాళాలు పగలగొట్టి, ఆట మొదలయ్యేలోగా తమ ముఠా పేరు తెర మీద అటునుంచి ఇటు పరుగెత్తేటట్టు చేసి, వెనుక ఒక చిన్న పాట పెట్టేవారు. మిగిలిన జాగా బహు తక్కువ కనుక పాట కూడా అందులోనే సర్దుకోవాలి. దొంగతనం చేసిన చోట పేరు రాసిపెట్టి, పైగా పాట పాడి వెళ్ళడం మన పోలీసు స్టేషన్ల చరిత్రలో ఎక్కడా కనిపించదు. క్రమంగా దొంగతనం వెనుకబడి ప్రదర్శనే మిగిలింది; డెమోసీన్ అని పిలిచే వారి వారసుల కళను 2020లో ఫిన్లాండ్, 2021లో జర్మనీ తమ తమ దేశాల సాంస్కృతిక వారసత్వ జాబితాల్లో చేర్చుకున్నాయి. ఇంత గౌరవం దక్కినా వారెవరూ ధనవంతులు కాలేదు గనుక, ఇదీ పూర్తి కారణం కాదు.

అసలు నేరం కరువులో రుచి మరగడమేనని నా నిర్ధారణ. మూడే గొంతులున్న చోట బాణీ పలకడానికి ఒకటి, అడుగు స్వరానికి ఒకటి పోతే, మూడు స్వరాలు కలిసి మోగవలసిన తోడుకు మిగిలేది ఒక్క గొంతు. బుద్ధిమంతుడైతే అక్కడితో పని మానుకుంటాడు. వీరు ఆ మూడు స్వరాలను ఆ ఒక్క గొంతు చేతనే సెకనులో యాభయ్యో వంతుకు ఒకటి చొప్పున వంతులవారీగా పలికిస్తారు. వినేవాడి చెవి మోసపోయి, మూడూ కలిసి మోగుతున్నాయనుకుంటుంది. చిప్ సంగీతంలో వినిపించే ఆ గలగల పారే మెరుపు పుట్టింది ఈ మోసం నుంచే. మరి డప్పు ఎవరు వాయించాలి? అడుగు స్వరం పలుకుతున్న గొంతే రెప్పపాటు తన పని వదిలేసి, గరగరగా మారి ఒక దెబ్బ వేసి, ఎవరూ గమనించకముందే వచ్చి తన చోట కూర్చుంటుంది. ఒకే గుమాస్తా మూడు సీట్ల పని చేసే కార్యాలయాలు మనకూ ఉన్నాయి కానీ, అక్కడ ఇంత లయ నేనెన్నడూ వినలేదు.

ఇక లోపాల మీద వీరికున్న మమకారం వైద్యుల దృష్టికి తీసుకెళ్ళదగినది. సిడ్ చిప్‌లో శబ్దపు స్థాయిని మార్చినప్పుడల్లా చిన్నగా టిక్కుమనే దోషం ఒకటుండేది. మామూలు మనిషి దుకాణానికి తీసుకెళ్ళి గొడవపడతాడు. వీరు ఆ స్థాయిని సెకనుకు వేలసార్లు మారుస్తూ, ఆ టిక్కులన్నిటినీ పేర్చి, అసలు లేని నాలుగో గొంతును సృష్టించి, దానితో మద్దెల మోతలు, మనుషుల మాటలు పలికించారు. కంపెనీవారు పాపం తరువాతి చిప్‌లో ఆ దోషాన్ని సరిదిద్దారు. దానితో ఆ నాలుగో గొంతు కాస్తా వినీవినిపించకుండా పోయింది. మరమ్మతు చేసినందుకు కొన్నవారు నొచ్చుకున్న సందర్భం వ్యాపార చరిత్రలో బహుశా ఇదొక్కటే. పాత చిప్‌లలో ఏ రెండింటిలోనూ శబ్దాన్ని వడగట్టే భాగం ఒక్కలా పనిచేసేది కాదు. అందుచేత ఒకరి యంత్రంలో గంభీరంగా మోగిన పాట పక్కింటి యంత్రంలో జలుబు చేసినట్టు వినిపించేది. దాని మీద కూడా వారు ప్రేమగా తగవులాడుకుంటారు.

మా సాయినగర్‌లో ఇంజినీరింగ్ చదివే ఒక కుర్రాడికి ఈ జబ్బు అంటుకుంది. ఈ పాటలు రాసుకునే ట్రాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్వరాలు పైనుంచి కిందికి వరుసల్లో దొర్లుతుంటాయి. ప్రతి వరుసలో స్వరం పేరు, వాయిద్యం సంఖ్య, దాన్ని జార్చాలా వణికించాలా అని చెప్పే అంకెలు ఉంటాయి. కొళాయి నీళ్ళ కోసం తెల్లవారుజామున లేచిన తండ్రి ఆ నిలువు గడులను చూసి, కొడుకు కిర్దీ పుస్తకం కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడని మురిసిపోయాడు.

"ఏమప్పా, ఎవురి లెక్కలు రాస్తాండావు?"

"లెక్కలు కాదు నాయనా, పాట కడ్తాండా."

"ఎవురన్నా అడిగినారా?"

"లేదు."

"దుడ్లిస్తారా?"

"ఈరు నాయనా."

తండ్రి కాసేపు తెర వంక చూసి, ఆ మూడో వరుస అట్లా ఖాళీగా ఉందేమని అడిగాడట. అక్కడ నిశ్శబ్దం పెట్టానని కొడుకు చెప్పాడట. నిశ్శబ్దం కోసం కరెంటు కాల్చడమేమిటని ఆయన నా దగ్గర వాపోయారు. నేను ఏకీభవించాను.

నిజానికి మనమందరం ఎప్పుడో ఈ సంగీతంలో మునిగిపోయినవాళ్ళమే. మూడు కాళ్ళతో అచ్చం ట్రాన్సిస్టర్‌లా కనిపించే యూఎం66 అనే బుల్లి చిప్‌ను రేడియో రిపేరు షాపులో కొని, రెండు బ్యాటరీలూ ఒక చిన్న స్పీకరూ తగిలించి, కాలింగ్ బెల్లు చేశామని మార్కులు వేయించుకున్న విద్యార్థులు ఎందరో. కారు వెనక్కి నడిపినప్పుడల్లా వీధికంతటికీ దేశభక్తి గీతం వినిపించే ఏర్పాటు కూడా ఆ జాతిదే. 2000లో వచ్చిన నోకియా 3310 ఒకేసారి ఒకే స్వరం పలికేది; దానిలో రింగ్‌టోన్ కట్టడానికి ఏ మీట ఎన్నిసార్లు నొక్కాలో కాగితాల మీద రాసుకుని ఇచ్చిపుచ్చుకున్నవారు ఇప్పుడు పెద్దమనుషులై, పిల్లలను ఫోను పక్కన పెట్టమంటున్నారు.

మరి కరువే ప్రేరణ అయినప్పుడు, ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే మన జిల్లా ఈపాటికి చిప్ సంగీతానికి రాజధాని కావలసింది. ఎందుకు కాలేదన్నదే నన్ను వేధించిన ప్రశ్న. తేడా ఒక్కటే కనిపిస్తోంది. చిప్ సంగీతకారుడు మూడు స్వరాల హద్దును తానే గీసుకుంటాడు, విసుగు పుడితే మూత పెట్టి లేచిపోతాడు. మన రైతు హద్దును ఆకాశం గీస్తుంది, లేచిపోవాలంటే బెంగళూరు బస్సెక్కాలి. నీళ్ళు లేవని తెలిసిన భూమిలో ఇంకో వంద అడుగులు, ఇంకో వంద అడుగులు అంటూ బోరు దింపించే వాడిలోనూ ఆ కుర్రాడి మొండితనమే ఉంది. కాకపోతే కుర్రాడి ప్రయోగం చెడితే ఒక రాత్రి నిద్ర పోతుంది, రైతు ప్రయోగం చెడితే పుస్తెలు తాకట్టుకు పోతాయి. మనవైపు ఉపాయాలకూ లోటు లేదు: మేఘమథనం చూశాం, 2016లో ఎండుతున్న వేరుశనగ మీద రెయిన్ గన్లు తిరగడం చూశాం. ఏ ఉపాయం లోంచీ బాణీ మాత్రం పుట్టలేదు, నివేదికలు పుట్టాయి.

కనుక ప్రభుత్వానికి నా సిఫారసు ఇది. కరువు మండలాల ప్రకటనతో పాటే ఆ మండలాల్లో అర్హులైన ప్రతి కుటుంబానికీ మూడు స్వరాలు మంజూరు చేయాలి. లబ్ధిదారుల ఎంపిక గ్రామసభలో జరగాలి, స్వరాలను ఆధార్‌తో అనుసంధానించాలి. నాలుగో స్వరం కోరుతూ ఎవరైనా అర్జీ పెట్టుకుంటే నిర్దాక్షిణ్యంగా తిరస్కరించాలి. చిప్ సంగీతకారుల అనుభవాన్ని బట్టి, ప్రతిభ పుట్టేది ఆ తిరస్కరణలోనే. ఈ భాగం అమలుకు సిబ్బందికి ప్రత్యేక శిక్షణ గానీ అదనపు నిధులు గానీ అవసరం లేదని కూడా మనవి చేసుకుంటున్నాను.