‘అమ్మ’ అన్నంత మాత్రాన అంగిలి బాగున్నట్టు కాదు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఏడుసార్లు వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఒకసారి, చుట్టాల గ్రూపులో మూడుసార్లు. పంపేవాళ్ళు పైన అదే ఉందని కూడా చూసుకోరు. చివరికి నిన్న రాత్రి పదకొండింటికి మా బాబాయి నాకు విడిగా పంపాడు. నిజమా అబద్ధమా అని అడగలేదు. చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

చూడనివాళ్ళ కోసం అందులో ఏముందో చెబుతాను. పైన ఎర్ర అక్షరాలతో ‘మీ మాటే మీ మెదడుకు అద్దం! డాక్టర్లు చెప్పని ఆరు రహస్యాలు’ అని ఉంటుంది. ఒకటి, ‘ఆ’ అని 20 సెకన్లు లాగలేకపోతే నరాల బలహీనత. రెండు, ‘ప-ట-క’ అని గబగబా అనలేక తడబడితే పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు). మూడు, చేయి వణికితే పార్కిన్సన్స్, వణకకపోతే లేదు. నాలుగు, ఫోన్లో ఫలానా యాప్ మీ గొంతు విని 99 శాతం కచ్చితంగా జబ్బు చెప్పేస్తుంది. అయిదు, బిడ్డ ‘అమ్మ, నాన్న’ అని స్పష్టంగా అంటే అంగిలి బాగున్నట్టే. ముక్కుతో మాట్లాడితే అది గ్రహణ దోషం, నాలుకకు వస రాసి, ఈల, బెలూన్ ఊదిస్తే ఆపరేషన్ లేకుండా పోతుంది. ఆరు, డాక్టర్లు, థెరపిస్టులు అంతా చెవి అంచనా మీదే చెబుతారు, వాళ్ళ దగ్గర కొలతే లేదు. కింద ‘పది గ్రూపులకు పంపండి, పుణ్యం’.

నేను హైదరాబాదులో ఇరవై ఏళ్ళుగా స్పీచ్ థెరపిస్టుని. పుణ్యం సంగతి తెలియదు కానీ, దీనివల్ల నాకు పని మాత్రం పెరిగింది.

‘ఆ’ సంగతి త్వరగా తేల్చేద్దాం. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకు ఇరవై సెకన్లు దాటొచ్చు, ఆడవాళ్ళలో చాలామందికి పదిహేను దగ్గర ఆగడం మామూలే. మొదటిసారి కంటే మూడోసారి ఎక్కువ వస్తుంది. ఆస్తమా ఉన్నా, జలుబు చేసినా తగ్గుతుంది. ఊపిరి ఎంత పట్టింది, గొంతులోని తంత్రులు దాన్ని ఎంత పొదుపుగా వాడాయి అన్నది చెప్పే కొలత అది. మెసేజ్ లెక్కన మా చెల్లెలికి నరాల బలహీనత, దాని పాటల టీచరుకు ఉక్కు నరాలు.

‘ప-ట-క’ మాత్రం నిజంగా మేం వాడే పరీక్షే. మూడు అక్షరాలు ఎందుకో మన వర్ణమాల చదివినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ప పెదవులది, ట నాలుక కొసది, క నాలుక వెనక భాగానిది. పెద్దవాళ్ళు మామూలుగా సెకనుకు అయిదారు అక్షరాలు అంటారు. కానీ మెసేజ్ రాసినాయన దీన్ని తలకిందులు చేశాడు. పార్కిన్సన్స్‌లో వేగం తగ్గకపోవచ్చు, కొందరిలో పెరుగుతుంది కూడా. అక్షరాలు ఒకదానిలోకి ఒకటి అరిగిపోయి, చివరికి ‘పడగపడగ’లా ఒకటే గొణుగుడు మిగులుతుంది. చిన్నమెదడు దెబ్బతింటే లయ తప్పుతుంది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నాడీకణాలు క్షీణించే ఏఎల్ఎస్ లాంటి జబ్బుల్లో నెమ్మదిస్తుంది. మూడూ మూడు రకాలు, ‘తడబడితే’ అన్న ఒక్క మాటలో ఇమడవు. కొత్త కట్టుడు పళ్ళు పెట్టించుకున్న ఏ పెద్దాయనైనా తడబడతాడు.

వణుకు దగ్గర ఇంకాస్త ఆగాలి. పార్కిన్సన్స్ వణుకు చేయి ఊరికే ఒళ్ళో పెట్టుకుని ఉన్నప్పుడు కనిపిస్తుంది, సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు. టీ కప్పు ఎత్తినప్పుడు వణికే చేతుల్లో ఎక్కువ వాటికి కారణం వేరు. ఇక ‘వణకకపోతే లేదు’ అన్నది శుద్ధ తప్పు. సుమారు పావు వంతు మంది మొదట డాక్టరు దగ్గరికి వచ్చేనాటికి వణుకే ఉండదు. న్యూరాలజిస్టు బొటనవేలితో చూపుడువేలిని పదిసార్లు పెద్దగా, వేగంగా కొట్టమంటాడు. ఆయన లెక్కపెట్టేది పదిని కాదు. మొదటి దెబ్బకీ పదో దెబ్బకీ మధ్య వేళ్ళ ఎడం ఎంత కుంచించుకుపోయిందో చూస్తాడు. చేతిరాతలోనూ ఇదే జరుగుతుంది. చెక్కు మీద సంతకం కలవడం లేదని బ్యాంకువాళ్ళు రెండుసార్లు వెనక్కి పంపితే, విసుక్కుంటూ చివరికి న్యూరాలజీ ఓపీకి చేరిన రిటైర్డ్ మాస్టారు నాకు తెలుసు. సంతకం అదే, సైజు సగమైంది. ఆయనకు వణుకు లేదు.

యాప్ గురించి రెండు లెక్కలు. అరవై దాటినవాళ్ళలో పార్కిన్సన్స్ ఉన్నది వందకు ఒకరికి అనుకుందాం. వెయ్యి మందిని పరీక్షిస్తే పదిమందికి జబ్బు ఉంటుంది. 99 శాతం నిజమే అని ఒప్పుకున్నా, ఆ పదిమందినీ పట్టుకుంటుంది, జబ్బు లేని 990 మందిలో ఇంకో పదిమందికి ఉందని చెబుతుంది. అంటే ‘మీకు జబ్బు ఉంది’ అని చెప్పిన ఇరవై మందిలో సగం మంది ఉత్తినే నిద్ర మానుకుంటారు. రెండో లెక్క ఇంకా సులువు. పార్కిన్సన్స్ వచ్చినవాళ్ళ గొంతు మామూలు వాళ్ళకంటే సగటున రెండు నుంచి నాలుగు డెసిబెల్స్ తక్కువగా ఉంటుంది. ఫోన్ని నోటికి ముప్పై సెంటీమీటర్ల నుంచి పదిహేనుకు జరిపితే ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. జబ్బు తెచ్చే తేడా కంటే మీ మోచేయి తెచ్చే తేడా ఎక్కువ. దానికి తోడు వంటింట్లో కుక్కర్ విజిల్, కింద ఆటో హారన్. ఆ యాప్ వింటున్నది మీ మెదడునా, అమీర్‌పేట చౌరస్తానా?

ఇక అయిదోది. అసలు ఇది రాయడానికి కూర్చున్నదే దీనికోసం.

‘అమ్మ, నాన్న’ అని స్పష్టంగా అంటే అంగిలి బాగున్నట్టే అట. ఈ వాక్యం రాసినవాడు ఒక్కసారి ముక్కు మూసుకుని ‘అమ్మ’ అని చూసుకుంటే బాగుండేది. మ, న, ణ ముక్కులోంచి గాలి పోవాల్సిన అక్షరాలు. అనునాసికాలని వాటికి ఊరికే పేరు పెట్టలేదు. అంగిలి చీలి నోటికీ ముక్కుకీ మధ్య తలుపే లేని బిడ్డ కూడా వాటిని హాయిగా పలుకుతుంది. కష్టం ప, బ, ట, డ, క, గ, స దగ్గర. వాటికి నోట్లో గాలి బిగబట్టాలి. వెనక మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారి మూస్తేనే ఆ బిగువు వస్తుంది. మూయకపోతే గాలి ముక్కులోకి జారిపోతుంది.

అంటే మన బంధుత్వాలే ఒక పరీక్ష. అమ్మ, నాన్న, మామ, నాన్నమ్మ... ఇవన్నీ ముక్కు మాటలు. అక్క, తాత, అత్త, బాబాయి అలా కాదు. ఈ మెసేజ్ సరిగ్గా ఏ పదాలతో లోపం దాగుతుందో వాటినే ఏరి పరీక్షగా పెట్టింది.

నా దగ్గరికి అయిదేళ్ళ పాపను తీసుకొచ్చారు. తండ్రి నాకు గట్టిగా చెప్పాడు, "మేడమ్, మాట బాగానే వస్తుంది. అమ్మ అంటుంది, నాన్న అంటుంది, నాన్నమ్మ అని కూడా అంటుంది." స్కూల్లో టీచరుకు అర్థం కావడం లేదంటే వచ్చారు, లేకపోతే రాకపోదురు. తాత అనమ్మా అన్నాను. ‘నాన’ అంది. అక్క అనమన్నాను. గొంతులో చిన్న పట్టు పట్టి వదిలి ‘అ-అ’ అంది. నోట్లో గాలి నిలవదని తెలిసిన పిల్లలు గొంతులోనే అడ్డం వేసి అక్షరం తయారుచేసుకుంటారు, ఎవరూ నేర్పకుండానే. నోరు తెరిపించి టార్చి వేస్తే అంగిలి పైకి బాగానే ఉంది. కొండనాలుక మాత్రం కొసన రెండుగా చీలి ఉంది. పైపొర అతుక్కుని లోపల కండరం అతుక్కోని రకం చీలిక అది. పసితనంలో పాలు ముక్కులోంచి వచ్చేవా అని అడిగితే తల్లి నా వంక కాకుండా అత్తగారి వంక చూసింది. వచ్చేవట.

అలాంటి బిడ్డకు ఏడాది పాటు ఈల ఊదించారు. ఎవరో పంపిన మెసేజ్ చూసి. ఊదడం వేరు, మాట్లాడడం వేరు. ఊదేటప్పుడు అంగిలి చేసే పని, ‘ప’ అనేటప్పుడు మెరుపు వేగంతో చేసే పని ఒకటి కాదు. ఈలలతో, బెలూన్లతో ముక్కు మాట పోదని మా రంగంలో తేలి దశాబ్దాలైంది. పొట్టిగా ఉన్న దుప్పటిని ఎంత లాగినా కాళ్ళు కప్పదు, కొత్త గుడ్డ కలిపి కుట్టాల్సిందే. కుట్టాక అక్షరాలు సరిగ్గా పలకడం నేర్పడం మా పని. అంగిలి ఆపరేషన్ సాధారణంగా 9 నుంచి 18 నెలల మధ్య చేస్తారు, మాటలు గట్టిపడకముందే. ఈలకు పోయిన ఆ ఏడాదిలో ఆ పాప గొంతు పట్టు అలవాటు ఇంకాస్త గట్టిపడింది. దాన్ని మాన్పించడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

వస గురించి ఒక్క మాట. వస పోస్తే వాంతులు వస్తాయి, అంగిలి రాదు.

గ్రహణం గురించి ఒక్క మాట సరిపోదు. పెదవి చీలికను మనం పిలిచే పేరులోనే గ్రహణం ఉంది, మొర్రితో పాటు. అందుకే ఈ నిందకు అంత బలం. నేను 1980 ఏప్రిల్‌లో పుట్టాను. ఆ ఏడాది ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. ఉస్మానియా వాళ్ళ జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దుర్భిణీలు సర్దుకుని కూర్చుంటే, ఇక్కడ మా అమ్మ ఏడో నెల కడుపుతో కిటికీలన్నీ మూసిన గదిలో కదలకుండా పడుకుంది. పాపం, దురద పుట్టినా గోకలేదట. కడుపులో బిడ్డ పెదవి అతుక్కునేది నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య, అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య. మా అమ్మ గోక్కోకుండా కాపాడిన నా పెదవి అప్పటికి అయిదు నెలల ముందే తయారై ఉంది. ప్రపంచంలో సుమారు ప్రతి 700 కాన్పులకు ఒక బిడ్డ ఈ చీలికతో పుడుతుంది, గ్రహణం ఉన్న ఏడాదీ లేని ఏడాదీ. జన్యువులు, తల్లికి షుగర్, ఇంట్లో సిగరెట్లు, కొన్ని మూర్ఛ మందులు... కారణాలు ఇలా కలగలిసి ఉంటాయి (మూర్ఛ మందు సొంతంగా ఆపకండి, గర్భం అనుకున్నప్పుడే డాక్టరుతో మాట్లాడండి).

ఆపరేషన్ గదికి వెళ్ళేముందు కూడా "ఆ రోజు నువ్వు వంకాయలు కోశావు కదే" అని కోడల్ని సాధించే అత్తగార్లను చూశాను. ఈ మెసేజ్ వాళ్ళ చేతికి ఇంకో కత్తి ఇచ్చింది. డబ్బు లేక ఆగిపోయామనే వాళ్ళకు కూడా దారి ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి ప్రభుత్వం పిల్లల్లో చూసి ఉచితంగా చికిత్స చేయించాల్సిన లోపాల జాబితాలో ఈ చీలిక ఉంది. అంగన్‌వాడీలో అడిగినా చెబుతారు.

ఆరో పాయింటు. డాక్టర్లు, థెరపిస్టులు అంచనా మీదే చెబుతారు, కొలత లేదు అని. దీన్ని కూడా ఉతికి ఆరేద్దామనే మొదలుపెట్టాను. నేజోమీటర్ అనే యంత్రం ఉంది. ముక్కుకీ నోటికీ మధ్య అడ్డంగా పలక, పైన ఒక మైకు, కింద ఒక మైకు. మొత్తం ధ్వనిలో ముక్కు వాటా ఎంత శాతమో చెబుతుంది. చదివించే వాక్యాల్లో ఒక్క అనునాసికం ఉండకూడదు. ‘తాత కాఫీ తాగాడు’ లాంటివన్నమాట. తెలుగులో సున్నా లేకుండా అలాంటివి పది రాసి చూడండి, మా కష్టం తెలుస్తుంది. ఇంగ్లిష్ వాక్యాలకు కట్టిన అంకెలు తెచ్చి మన పిల్లలకు అతికించడం కుదరదు.

అయినా సరే, ఆ మనిషి చెప్పినదాంట్లో నిజం ఉంది. మాకు ఇప్పటికీ పెద్ద పరికరం చెవే. 1969లో అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన డార్లీ, ఆరన్సన్, బ్రౌన్ అనే ముగ్గురు 212 మంది నాడీ రోగుల మాటలు విని 38 లక్షణాలకు మార్కులు వేశారు. మాట తేడాలను బట్టి మెదడులో చోటు ఊహించడం అక్కడి నుంచే నేర్చుకున్నాం, అదంతా చెవితోనే. ఒకే రికార్డింగుకు సోమవారం పొద్దున నేను వేసిన మార్కు, శనివారం సాయంత్రం పదిహేనో పేషెంటు తర్వాత వేసిన మార్కు ఒకటి కావు. పరీక్షించి చూసుకున్నాను, సిగ్గుపడ్డాను. అందుకే ఫోన్ రికార్డింగులను నేను తీసిపారెయ్యను. అదే గది, అదే దూరం, మాత్ర వేసుకున్నాక అదే గంట, నెలకోసారి. మనిషిని అతని పాత గొంతుతోనే పోల్చినప్పుడు అది చెప్పేది నా చెవి కంటే నిజం.

ఇంత రాసి, పొద్దున బాబాయికి ఫోన్ చేశాను. తిడదామనే. పిన్ని ఎత్తింది. "మీ బాబాయి మాట ఈ మధ్య నాకు సగం వినపడట్లేదే. అడిగితే నీకే చెముడు అంటాడు. మొన్న నేనే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను, బాగానే ఉన్నాయన్నాడు" అంది.

పార్కిన్సన్స్‌లో గొంతు తగ్గిన సంగతి తగ్గినవాళ్ళకు తెలియదు. తాము మామూలుగానే మాట్లాడుతున్నామని నిజంగా అనుకుంటారు. బాబాయికి అదే అని నేను అనడం లేదు, ఫోన్లో అనకూడదు కూడా. 2016లో చెల్లెలి పెళ్ళిలో ఆయన మైకు లేకుండా వంటవాళ్ళ మీద అరిచిన వీడియో మా దగ్గర ఉంది. దాన్ని వెతుకుతున్నాను. మంగళవారం బాబాయిని తీసుకుని రమ్మన్నాను, చెక్కుబుక్కు కూడా తెమ్మని చెప్పాను. ఎందుకని పిన్ని అడగలేదు.