రాష్ట్రపతికి గడువు ఎందుకు ఉండకూడదు?

రాష్ట్రపతి అంటే రబ్బరు స్టాంపు అని చాయ్ హోటల్ కాడి నుంచి టీవీ చర్చల దాకా అందరూ తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. ఔననడానికీ కాదనడానికీ రాష్ట్రపతి చేతులు కట్టేసి ఉన్న మాట నిజమే. రాజ్యాంగం 74వ అధికరణ ప్రకారం కేంద్ర మంత్రివర్గం చెప్పినట్టే నడవాలి, మహా అయితే ఒకసారి ఆలోచించండని ఫైలు తిప్పి పంపొచ్చు. కానీ రాష్ట్రాల నుంచి వచ్చిన బిల్లుల మీద ఏ మాటా చెప్పకుండా ఊరుకునే అధికారం ఉంది చూడండి, అది మామూలుది కాదు.

42 శాతం బీసీ రిజర్వేషన్ బిల్లుల సంగతే చూడండి. 2025 మార్చిలో అన్ని పార్టీల మద్దతుతో తెలంగాణ శాసనసభ వాటిని పాస్ చేసింది. చదువు, ఉద్యోగాలకు ఒకటి, స్థానిక సంస్థలకు ఒకటి. గవర్నర్ వాటిని రాష్ట్రపతికి పంపారు. ఆ తర్వాత స్థానిక ఎన్నికల్లో 42 శాతం కోటా ఇస్తూ రాష్ట్ర ప్రభుత్వ జీవో 9 రావడం, హైకోర్టు స్టే ఇవ్వడం అందరికీ తెలిసిందే. అక్టోబరు 9న ఎంపీటీసీ, జడ్పీటీసీ నామినేషన్లు మొదలయ్యాయి, అదే రోజు స్టే వచ్చింది. మా నల్గొండ పల్లెల్లో కులం సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఎంపీడీవో ఆఫీసుల చుట్టూ తిరిగిన బీసీ కుటుంబాలు ఆ సాయంత్రానికి ఏం చేయాలో తెలియక కూర్చున్నాయి. డిసెంబరులో సర్పంచ్ ఎన్నికలు మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదన్న పాత పరిమితిలోనే జరిగిపోయాయి. అప్పటికీ ఢిల్లీ నుంచి ఔననీ రాలేదు, కాదనీ రాలేదు.

ఇప్పుడు 201వ అధికరణ తీసి చదవండి. రాష్ట్ర బిల్లు తన దగ్గరికి వస్తే రాష్ట్రపతి ఆమోదించాలి లేదా నిరాకరించాలి, లేదంటే మళ్లీ చూడండని వెనక్కి పంపాలి. అలా వెనక్కి వస్తే శాసనసభ ఆరు నెలల్లోపు దాన్ని తిరిగి పరిశీలించాలని అందులోనే రాసి ఉంది. అంటే ఓట్లేసి గెలిపించిన సభకు గడువుంది, రాష్ట్రపతి భవన్‌కు లేదు. సభ రెండోసారి పాస్ చేసి పంపినా ఆమోదించి తీరాలన్న నిబంధన కూడా లేదు. ఒకే అధికరణలో ఇద్దరికి రెండు న్యాయాలా?

మనసుంటే ఫైలు ఎంత వేగంగా కదులుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? తెలంగాణ బిల్లు 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభ దాటింది, మార్చి 1న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ సంతకం అయిపోయింది. తమిళనాడు 69 శాతం రిజర్వేషన్ బిల్లు 1993 డిసెంబరు చివర్లో అక్కడి సభలో పాసైతే 1994 జూలైకల్లా రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, ఆ ఏడాదే 76వ రాజ్యాంగ సవరణతో, చట్టాలను కోర్టు సవాళ్ల నుంచి కాపాడటానికి పెట్టిన తొమ్మిదో షెడ్యూల్లో చేరింది. మరి మన బిల్లుకు ఏమైంది?

సుప్రీంకోర్టు ఇందిరా సాహ్నీ తీర్పు మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటొద్దంది కదా, రాష్ట్రపతి తొందరపడి ఎలా సంతకం పెడతారని కొందరంటారు. సరే, అదే కారణమైతే కాగితం మీద రాసి నిరాకరించండి. కాదని చెప్తే కోర్టుకు పోవచ్చు, సభలో మార్చుకోవచ్చు, ఓటర్ల ముందు పెట్టొచ్చు. జవాబే లేని దాని మీద దేనికని పోరాడతాం?

1986లో రాష్ట్రపతి జైల్ సింగ్ కూడా మౌనమే పట్టారు. జనం ఉత్తరాలు విప్పి చూసే వీలిచ్చే పోస్టల్ బిల్లు మీద సంతకం పెట్టకుండా పక్కన పెట్టేశారు. కానీ అక్కడ రాష్ట్రపతి కేంద్ర ప్రభుత్వానికి అడ్డం నిలబడ్డారు. ఇప్పుడు అదే మౌనాన్ని కేంద్ర ప్రభుత్వం రాష్ట్రపతి వెనకాల నిలబడి రాష్ట్రాల మీద వాడుతోంది, జవాబుదారీ మాత్రం ఎవరిదీ కాకుండా పోతోంది.

2025 ఏప్రిల్లో తమిళనాడు గవర్నర్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రపతికి మూడు నెలల గడువు పెడితే ఊపిరి పీల్చుకున్నాం. కేంద్రం రాష్ట్రపతి పేరుతో సుప్రీంకోర్టుకు 14 ప్రశ్నలు పంపింది. రాజ్యాంగంలో లేని గడువును కోర్టులు పెట్టలేవని నవంబరు 20న అయిదుగురు జడ్జీల బెంచ్ చెప్పేసింది. సరే, కోర్టు రాయలేకపోతే పార్లమెంటు రాయాలి.

నాకు ఇది ఒక్క బీసీ బిల్లు గొడవగా కనిపించడం లేదు. పాలమూరు వాళ్లకు ఈ ఎదురుచూపు కొత్త కాదు. కృష్ణా నీళ్లు మళ్లీ పంచాలని తెలంగాణ 2014 జూలైలో ఫిర్యాదు చేసింది. అలాంటి ఫిర్యాదుపై ఏడాదిలోపు ట్రిబ్యునల్ వేయాలని అంతర్రాష్ట్ర నదీ జలాల చట్టంలో ఉంది. సుప్రీంకోర్టులో మీ కేసుంది, వెనక్కి తీసుకోమని కేంద్రం అంది, 2021లో తీసుకున్నాం. ట్రిబ్యునల్‌కు కొత్త విధివిధానాలు ఇవ్వడానికి 2023 అక్టోబరు దాకా పట్టింది. తొమ్మిదేళ్లు! ఆ తొమ్మిదేళ్లూ మహబూబ్‌నగర్, నారాయణపేట పల్లెల నుంచి జనం ముంబయి, పుణె బస్సులెక్కుతూనే ఉన్నారు. గడువు రాసి ఉన్న చోటే ఇట్లుంటే అసలు గడువే లేని చోట మన బిల్లును పట్టించుకునేదెవరు?

201వ అధికరణలో 'ఆరు నెలల్లోపు, కారణాలతో' అన్న మాట చేర్చడానికి పార్లమెంటు ఉభయ సభల్లో మూడింట రెండొంతుల మెజారిటీ చాలు, సగం రాష్ట్రాల ఆమోదం కూడా అక్కర్లేదు. నల్గొండ, భువనగిరి, నాగర్‌కర్నూల్ ఎంపీలు కాంగ్రెస్ వాళ్లు, మహబూబ్‌నగర్ ఎంపీ బీజేపీ. శాసనసభలో ఆ బిల్లులకు రెండు పార్టీలూ చేతులెత్తాయి. ఈ నలుగురూ కలిసి ఒక ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టే బిల్లు) పెట్టడానికి అడ్డమేంటో ఊరికొచ్చినప్పుడు అడగండి.