డ్రాయింగ్ పీరియడ్ ఖాళీయేగా!

బెజవాడలో మోడర్న్ ఆర్టిస్టుగా స్థిరపడదలిచినవారు ముందు డ్రాయింగ్ లోయరు, హయ్యరు పాసై, వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ ముగించి, ఏదో ఒక బళ్లో డ్రాయింగ్ మాస్టారుగా కుదురుకోవాలి. టైమ్‌టేబుల్లో మీకో పీరియడ్ తప్పక ఇస్తారు. లెక్కల మాస్టారు సిలబస్ పూర్తి చేసుకోవడానికి చోటుండాలి కదా.

అలాగని మీరు ఖాళీగా ఉండరు. సైన్స్ ఫెయిర్‌కి గుండె బొమ్మ మీరే వెయ్యాలి. ఎర్రరంగు గుండెకి ఎడమవైపు, అంటే చూసేవాళ్లకి కుడివైపు. తారుమారు చేశారో, మీకు బొమ్మలే రావని స్టాఫ్ రూమ్‌లో తీర్మానం అయిపోతుంది. వార్షికోత్సవానికి థర్మకోల్ హంస కూడా మీదే. దానికి పోస్టర్ కలరే వాడండి. థిన్నర్ కలిపిన ఎనామెల్ కొడితే హంస కరిగి కొంగవుతుంది.

ఇక సాయంత్రం అసలు కళ. కాన్వాసుని చట్రానికి బిగించేటప్పుడు నాలుగు వైపులా మధ్యలోంచి మొదలుపెట్టి, ఎదురెదురుగా లాగుతూ, రెండంగుళాలకో మేకు కొట్టాలి. మూలలు ఆఖర్న. ముందే మూలలు కొట్టేస్తే ముడతలు మధ్యకొచ్చి కూర్చుంటాయి. మే నెలలో ఎక్రిలిక్ జోలికెళ్తే పళ్లెంలో తడి స్పాంజి పరిచి, దాని మీద బటర్ పేపరు వేసి రంగు కలపండి. లేకపోతే కుంచె కాన్వాసు చేరేలోగా రంగు వడియంలా ఎండుతుంది. ఆయిల్ అయితే అడుగు పొర టర్పెంటైన్‌తో పల్చగా, పైపొరల్లో లిన్‌సీడ్ నూనె ఎక్కువగా. తిరగేశారా, పైది ముందు ఆరిపోతుంది, అడుగుది ఇంకా కదులుతూనే ఉంటుంది, బొమ్మంతా బీటలు. కంగారు పడకండి. ‘చివరి ఆయకట్టు’ అని పేరు పెట్టి ప్రదర్శనలో తగిలించండి.

అక్కడికొచ్చే రసజ్ఞులు రెండే అడుగుతారు: “ఇదేంటండీ?”, “మెరూన్ సోఫాకి మ్యాచయ్యేది ఉందా?” చిన్నబుచ్చుకోకండి. పక్కనున్న అమరావతి శిల్పాలు సైతం లండన్, చెన్నై మ్యూజియాలకు చేరాకే మనవాళ్లకు ముద్దొచ్చాయి. సినిమా బ్యానర్లు రాసుకుందామన్నా ఆ దారి మూసుకుపోయింది. ఫొటో మీద అంగుళం గళ్లు, గుడ్డ మీద అడుగు గళ్లు గీసి, హీరో ముక్కుని పన్నెండింతలు పెంచే ఆ విద్యను ఫ్లెక్సీ ఎప్పుడో మింగేసింది.

మర్నాడు బెల్లు కొడతారు. తొమ్మిదో తరగతి మీదే. గుమ్మంలో ఆగి తొంగిచూడండి. బోర్డు మీద లెక్కల మాస్టారు వృత్తం గీస్తూ ఉంటారు, బూడిదగుమ్మడికాయంత గుండ్రంగా. సరిదిద్దబోకండి.