హోటల్ ఇంగ్లిష్‌ని హోటల్ పనితోనే నేర్పాలి

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైన దగ్గర్నుంచి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో హోటల్ ఉద్యోగాల మాట గట్టిగా వినిపిస్తోంది. ఉద్దానం నుంచి గల్ఫ్‌కి వెళ్ళడం మనకు పాత సంగతే. వెల్డింగ్‌కీ, కట్టుబడి పనులకీ వెళ్ళిన తండ్రులు తమ పిల్లలైనా నీడపట్టున పనిచేయాలని కోరుకోవడం సహజం. రిసెప్షన్, రెస్టారెంట్, హౌస్‌కీపింగ్, ఎక్కడికి వెళ్ళినా ఇంగ్లిష్ కావాలి. దాన్ని నేర్పుతున్న తీరు మీదే మా అభ్యంతరం.

బడిలో ఏళ్ళ తరబడి ఇంగ్లిష్ చదివి పాసైన కుర్రాడికి శిక్షణ పేరుతో మళ్ళీ టెన్సులు, యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ చెప్తే ఏం లాభం? ఫోన్లో అతిథి చెప్పిన గది నంబరు 215 అవునో, 250 అవునో అతను తేల్చుకోగలగాలి. అనుమానం వస్తే ఒక్కో అంకె విడదీసి తిరిగి చెప్పి ఖాయం చేసుకోవాలి. 'ఏం కావాలండీ' అని ఎంతో మర్యాదగా అడిగే పిల్లవాడే 'వాట్ యు వాంట్' అంటే అవతలివాళ్ళకి గద్దించినట్టు ఉంటుంది. మన అండీ, రండి, కూర్చోండి చేసే పనిని ఇంగ్లిష్‌లో 'మే ఐ', 'కుడ్ యు' చేస్తాయి. ఇవి నోటికి అలవాటు కావాలంటే రోజూ పలకాలి, పలికించాలి. వంశధార ఒడ్డున పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని నోట విని ఆ భాష నేర్చుకున్నారు. అలాంటి గురువు పుట్టిన జిల్లాలో ఇంకా నోట్సు రాయించడమేమిటి?

భయం ఇంకో పెద్ద సమస్య. 'ఇందులో నట్స్ ఉన్నాయా' అని అతిథి అడిగితే, ప్రశ్న సరిగ్గా అర్థం కాక, మళ్ళీ అడిగితే ఏమనుకుంటారోనన్న టెన్షన్‌తో 'నో సర్' అనేసే పిల్లలు ఉంటారు. పలాస జీడిపప్పు మనకు గర్వకారణం. కానీ ఎలర్జీ ఉన్నవాళ్ళకి గ్రేవీలో రుబ్బి కలిపిన నాలుగు పలుకులు కూడా ఊపిరాడకుండా చేయగలవు, ప్రాణం మీదకి తేగలవు. 'వంటగదిలో కనుక్కుని చెప్తాను' అన్న మాటని ఇంగ్లిష్‌లో తడబడకుండా చెప్పగలగడం అందుకే మొదటి పాఠం కావాలి. వంటకం హలాలా కాదా అని అడిగినప్పుడూ ఇదే జవాబు. తెలియకుండా అవునని చెప్పడం అతిథి విశ్వాసాన్ని దెబ్బతీయడమే.

గల్ఫ్‌కి వెళ్ళే పిల్లలకి మాటలు మాత్రమే చాలవు. అక్కడి హోటల్ గదుల్లో సీలింగ్ మీదో, సొరుగులోనో కిబ్లా దిక్కు చూపే బాణం గుర్తు ఉంటుంది. నమాజు మక్కాలోని కాబా వైపు తిరిగి చేస్తారు. విజయనగరం నుంచి ఆ దిక్కు పడమరకు సుమారు 12 డిగ్రీలు ఉత్తరంగా ఉంటే, దుబాయ్ నుంచి దాదాపు అంతే దక్షిణంగా ఉంటుంది. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల ఈ లెక్క అంత తేలిక కాదు. 973లో పుట్టిన పండితుడు అల్ బిరూనీ, ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని గజనీ నుంచి కిబ్లా ఎటో తేల్చడానికి ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టాడు. సంస్కృతం నేర్చుకుని మన దేశం గురించి పుస్తకం రాసిందీ ఆయనే. ఏటా మే 28 ప్రాంతంలోనూ, జులై 16 ప్రాంతంలోనూ సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తికి వస్తాడు. మే 28న అలా వచ్చే వేళకి, అంటే మన గడియారంలో మధ్యాహ్నం 2.48కి, ఇక్కడ సూర్యుడు ఎటు ఉంటే కిబ్లా అటే. మార్చిలో, అక్టోబరులో అరసవల్లి స్వామి పాదాలను కిరణాలు తాకడం చూసిన మన పిల్లలకి ఇది ఇట్టే అర్థమవుతుంది. రంజాన్ సంగతీ అంతే. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే కాబట్టి ఆ నెల ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది. 2030లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబరులో మళ్ళీ మొదలవుతుంది. ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళ సూర్యాస్తమయంతో పాటే మారుతుంది, దాంతో హోటల్ షిఫ్టులూ మారతాయి.

ఈ పాఠాలు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. ఆధునిక ఆవిష్కరణలన్నీ పవిత్ర గ్రంథంలో ముందే ఉన్నాయని నిరూపించబోయే వాదనలు అన్ని మతాల్లోనూ ఉన్నాయి. వాటివల్ల భక్తికీ మేలు లేదు, సైన్సుకీ మేలు లేదని మా అభిప్రాయం. ప్రార్థన ఏ వేళకి, ఎటు తిరిగి చేయాలన్న అవసరం లెక్కలకీ, ఖగోళానికీ ఎలా ఊతమిచ్చిందో చెప్తే చాలు. ముస్లిం పిల్లవాడికి తన ఇంటి జ్ఞానం మీద గౌరవం పెరుగుతుంది, పక్క బెంచీలో కూర్చున్నవాడికి కొత్త సంగతి తెలుస్తుంది. తెల్లవారకముందు తినే సహరీ, ఇఫ్తార్, కిబ్లా పుట్టినప్పటి నుంచి తెలిసిన పిల్లలు మన పట్టణాల్లోనే ఉన్నారు. అతిథితో ఆ విషయాలు మాట్లాడే పాఠంలో వాళ్ళే మిగతావాళ్ళకి నేర్పగలరు.

ప్రభుత్వ శిక్షణ కేంద్రాలు ముందుగా పాఠం చెప్పేవాళ్ళ అర్హతలు మార్చాలి. గల్ఫ్ హోటళ్ళలో పనిచేసి తిరిగొచ్చినవాళ్ళు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు దొరుకుతారు. డిగ్రీ లేదన్న కారణంతో వాళ్ళని తరగతి గుమ్మం దాటనివ్వకపోవడం సరికాదు. ఇంగ్లిష్ మాస్టారి పక్కన వాళ్ళని నిలబెట్టి, గంటకింత అని గౌరవంగా ముట్టజెప్పాలి. పరీక్ష కూడా కాగితం మీద వద్దు. ఒకరు అతిథిగా, ఒకరు రిసెప్షన్‌లో కూర్చుని పది నిమిషాలు మాట్లాడితే ఎవరికి ఎంత వచ్చిందో తేలిపోతుంది.